చిన్న నాటక చిత్రములలో మాట, చప్పుడు, మౌనము

నాటకమునకు మన పెద్దలు దృశ్యకావ్యమని పేరు పెట్టిరి. అది కన్నులకు సంబంధించిన పేరు. అయినను అభినయమును నాలుగు విధములుగా విభజించునప్పుడు ఆంగికము, ఆహార్యము, సాత్త్వికములతో పాటు వాచికమునకును సమానమైన స్థానమిచ్చిరి. చూచుటకు వచ్చినవాడు వినక పోడని వారెరుగుదురు. తోలుబొమ్మలాటలో తెర వెనుకనుండి వచ్చు గొంతుక, వీధినాటకములో హార్మోనియపు శ్రుతి, హరిదాసుగారి చేతిలోని చిడతల చప్పుడు, ఇవి లేనిచో ఆ కళలే లేవు.

నేడు పది పదునైదు నిమిషములలో ముగియు చిన్న నాటక చిత్రములు మన ఇండ్లలోనికి వచ్చినవి. వానిని చూచువారు మాత్రమే కాదు, తీయువారును మన పిల్లలే. చేతిలో సెల్‌ఫోను, వెంట నలుగురు మిత్రులు, మనసులో ఒక చిన్న కథ ఉన్నచో చిత్రము సిద్ధమగుచున్నది. బొమ్మ చక్కగా వచ్చుచున్నది. వెలుగు నీడల కూర్పు నేర్చినారు. కాని ఆ బొమ్మ నోరు విప్పినప్పుడు ఏ గొంతుకతో పలుకుచున్నది? ఎవరి తెలుగు పలుకుచున్నది? తెలుగు నాటికి వెలుపల స్థిరపడిన మనవంటి కుటుంబములకు ఇది వినోదమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అందుచేత ఈ వ్యాసమున చిత్రములలో ధ్వని నడచివచ్చిన దారిని కొంత స్మరించి, ఆ దారి మనకేమి చెప్పుచున్నదో విచారింపదలచితిమి.

ఒక ఊరు, అయిదు పలుకులు

ఖటక్ చించోళి బీదరు జిల్లా భాల్కి తాలూకాలోని గ్రామము. 1948 వరకు నిజాము ఏలుబడిలోను, ఆ పిమ్మట హైదరాబాదు రాష్ట్రములోను ఉండిన ప్రాంతమిది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు నాటి బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశములోని మెదకు జిల్లాలో చేరెను. ఉద్గీరు, నిలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. బీదరు, భాల్కి, హుమనాబాదు, ఔరాదు తాలూకాలు మైసూరు రాష్ట్రమునకు వచ్చెను. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమను పేరు దాల్చినది. ఆ విధముగా ఈ జిల్లాలోని అనేక తెలుగు కుటుంబములు ఇల్లు కదలకయే, గడప దాటకయే అల్పసంఖ్యాకులైనవి.

ఈ సీమలో చెవికి పని యెక్కువ. కన్నడము బడిలోను కచేరిలోను వినబడును. మరాఠీ సంతలోను భజనలోను వినబడును. దక్ఖనీ ఉర్దూ బస్సులోను అంగడిలోను వినబడును. తాండాలనుండి వచ్చిన లంబాడీల పలుకు తోవ పొడుగునను వినబడును. తెలుగో? తెలుగు మన వంటింట వినబడును. మన పిల్లలలో పెక్కురు కన్నడ మాధ్యమమున చదువుకొన్నవారు. తెలుగు మాట్లాడుదురు గాని తెలుగు అక్షరములు కూడబలుకుకొని చదువలేరు. కావున మన తెలుగు వ్రాయబడిన తెలుగు కాదు, వినబడు తెలుగు. గొంతుక ఉన్నంతకాలమే అది ఉండును. ఈ సంగతి మనసున నుంచుకొని, చదువరులు ఈ క్రింది చిన్న ముచ్చటను వినవలెనని కోరుచున్నాము.

కొంతకాలము క్రిందట మా బంధువుల పిల్లలు తీసిన పండ్రెండు నిమిషముల చిత్రమొకటి చూచితిమి. కథ స్వల్పము. పట్నములో ఉద్యోగము దొరకిన మనుమడు తెల్లవారుజామున బయలుదేరును. పొయ్యి ముందర కూర్చుండి జొన్నరొట్టె తట్టుచున్న అవ్వ వానిని కొంతసేపు నిలుపజూచును. అంతే. అవ్వ వేషమునకు ఇంటి అవ్వనే కూర్చుండబెట్టిరి. ఆమె తనకు తోచిన రీతిని, "గింత రొట్టె తిని పోరాదు బిడ్డా" అనెను. చిత్రము తీసినవారికి ఆ మాట మోటుగా తోచెను కాబోలు. పట్నములో డబ్బింగు చెప్పు అమ్మాయి నొకతెను పట్టుకొని, "కొంచెం టిఫిన్ చేసి వెళ్ళు నాన్నా" అని పలికించిరి. మొదటినుండి చివరివరకు దుఃఖరాగమున వయొలిను మ్రోగుచునే యుండెను. పెదవులొకటి పలుకుచుండగా చెవికి వేరొకటి వినబడెను. చూచినవారందరు నవ్విరి. అవ్వ నవ్వలేదు. "అది నా గొంతు గాదు బిడ్డా" అని లేచి లోపలికి పోయెను.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. సినిమాలలో వినిన తెలుగే తెలుగని వారనుకొనిరి. కాని వారు కోల్పోయిన దేమో చూడుడు. "పోరాదు" అనుమాటను గ్రంథములలో చదివినవాడు "పోకూడదు" అని నిషేధార్థము చెప్పుకొనును. తెలంగాణపు పలుకుబడిలో దాని యర్థము సరిగా దానికి విరుద్ధము. "తిని పోరాదు" అనగా "తిని పోవచ్చును గదా, తిని పొమ్ము" అను బుజ్జగింపు. "చెప్పరాదు" అనగా చెప్పుమని బతిమాలుట. ఈ భేదమును అక్షరములు తెలుపలేవు. గొంతుకలోని సాగు, చివరనున్న "బిడ్డా" అను పిలుపు, ఇవి మాత్రమే తెలుపును. కాగితమున అపార్థమగునది చెవికి ప్రేమగా వినబడును. ఇట్టి మాటలను నిలుపగల సాధనము ధ్వనియున్న చిత్రము తప్ప మరియొకటి లేదు. అట్టి సాధనము చేతికి వచ్చినప్పుడే ఆ గొంతుకను తుడిచివేయుట విచారింపదగిన విషయము.

మన చిత్రములు మాట నేర్చిన విధము

మాట్లాడు బొమ్మ మనకు క్రొత్త వింత కాదు. చిన్న చిత్రమునకు ధ్వనిని జతచేసి తెలుగువాడు ఊరూర చూపి నూరేండ్లు దాటినది. మచిలీపట్నమున పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుచుండిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1910 ప్రాంతమున గోమాంట్ కంపెనీవారి క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించిరి. దానికై సుమారు 30,000 రూపాయలు వెచ్చించిరని ప్రసిద్ధి. ఆ కాలమున అది పెద్ద సొమ్మని చెప్పవచ్చును. ఆ యంత్రములో ఒకవైపు బొమ్మ తిరుగును, మరియొకవైపు గ్రామఫోను పళ్లెము తిరుగును. బిగించిన గాలి బలముచేత పళ్లెములోని ధ్వని సభ యంతయు వినబడునట్లు పెద్దదగును. పళ్లెము కొద్ది నిమిషములలో ముగియును గనుక చిత్రమును కొద్ది నిమిషములదే. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఈ చిన్న చిత్రములను చూపి, పిదప బెంగుళూరు మొదలు సింహళము, బర్మా వరకు ఆ యంత్రమును మోసికొనిపోయిన సాహసి యాయన.

ఇందొక విశేషము కలదు. గోమాంట్ వారి పద్ధతిలో ముందు పాటను పళ్లెముపై ముద్రించి, తరువాత నటులు ఆ పాటకు పెదవులు కదలించుచుండగా బొమ్మ తీయుదురు. నేడు మన సినిమా పాటలు తీయు పద్ధతియు ఇదియే. గొంతుకను శరీరమునుండి వేరు చేయు విద్య చలనచిత్రముతో పాటే పుట్టినదన్నమాట. ఆ విద్య వలన మేలును జరిగెను, కీడును జరిగెను.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టికు సినిమాలో "ఆలం ఆరా" విడుదల యయ్యెను. భారతదేశమున మొదటి పూర్తి మాటల చిత్రమది. అర్దేషిర్ ఇరానీగారి స్టూడియో రైలు పట్టాలకు సమీపమున నుండుటచేత పగలు రైళ్ల రొద మైకులలో పడుచుండెను. అందుచేత రైళ్లు నిలిచిన నడిరేయి వేళల చిత్రీకరణ సాగించిరి. మైకులను నటుల చుట్టుప్రక్కల దాచి పెట్టిరి. బొమ్మయు ధ్వనియు ఒకే ఫిల్ముపై ఒకేసారి ఎక్కు యంత్రము గనుక దిద్దుబాటునకు తావు లేదు. మాట కావలెనన్న ముందు నిశ్శబ్దమును సంపాదించుకొనవలెనని మన మొదటి మాటల చిత్రమే నేర్పినది.

ఆ చిత్రమున ఇరానీగారికి తోడ్పడిన హెచ్.ఎం.రెడ్డిగారే అదే సంవత్సరము అక్టోబరు 31న మద్రాసులో విడుదలయిన "కాళిదాసు"కు దర్శకులు. అందు నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళమున పలుకగా, నాయకుడు పి.జి.వెంకటేశన్ తెలుగున బదులు చెప్పును. ఈ సంగతిని చరిత్రకారులు ఒక వింతగా, కొంత హాస్యముగా చెప్పుదురు. మనకది హాస్యమా? మామ తెలుగున అడుగగా కోడలు కన్నడమున బదులు పలుకు ఇండ్లు మన సీమలో ఎన్ని లేవు! అంగడివాడు ఉర్దూలో ధర చెప్పగా అవ్వ తెలుగున బేరమాడుట మన మెరుగనిదా? "కాళిదాసు" తీసినవారు అవసరముకొలది చేసిన పని మన ఇంట సహజధర్మము. రెండు మూడు భాషలు కలగలిసిన సంభాషణ మన చిత్రములకు దోషము కాదు. అదియే మన సత్యము.

1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయిన "భక్తప్రహ్లాద" పూర్తిగా తెలుగున వచ్చిన మొదటి మాటల చిత్రము. దర్శకులు హెచ్.ఎం.రెడ్డిగారే. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడుగాను, సురభి కమలాబాయిగారు లీలావతిగాను నటించిరి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. సురభివారు ఆడుచుండిన నాటకమునే ఇంచుమించుగా తెరకెక్కించిరి. ఆ నాటకమును వ్రాసినవారెవరు? బళ్లారిలో న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. అనగా తెలుగు తెర మొట్టమొదట పలికిన పలుకులు నేటి కర్ణాటకములోని బళ్లారినుండి వచ్చినవి. తెలుగునకు ఎల్లయందున్నవారము, అంచునందున్నవారమని మనము చిన్నబుచ్చుకొననక్కర లేదు. అంచునుండియే ఆరంభము జరిగినది.

బదులుగా కన్నడమునకును తెలుగువాని చేయి సాయపడినది. 1934 మార్చి 3న విడుదలయిన మొదటి కన్నడ మాటల చిత్రము "సతీ సులోచన"కు దర్శకుడు నెల్లూరువాడైన వై.వి.రావుగారు. ఇరుగుపొరుగు భాషలు ఒకదాని నోట మరియొకటి మాట పెట్టిన చరిత్ర మనది.

పద్యము దిగి పలుకు వచ్చినది

తొలినాటి మాటల చిత్రములలో మాట కన్న పద్యమెక్కువ. రంగస్థలమున చివరి వరుసవానికి వినబడవలెనను అలవాటుచేత నటులు గొంతెత్తి పాడుచుండిరి. మైకు వచ్చిన పిమ్మటను ఆ అలవాటు పోలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరచినట్లుండెను.

ఈ మార్పునకు దారి చూపినవారిలో ముందు చెప్పదగిన పేరు బళ్లారి రాఘవగారిది (1880–1946). రాగాలాపనతో పద్యమును సాగదీయుటకన్న భావమును పట్టి పలుకుట మేలని, గద్యమే నాటకమునకు ప్రాణమని ఆయన నటించి చూపిరి. మాటకును మాటకును నడుమ నిలుచుట యెట్లో, వినుట యెట్లో ప్రేక్షకులు ఆయన వలన తెలిసికొనిరి. తెలుగు, కన్నడము, ఆంగ్లము మూడిటను నటించిన ఆయన "ద్రౌపదీ మానసంరక్షణము" (1936), "రైతుబిడ్డ" (1939), "చండిక" (1940) చిత్రములలో తెరపై కనుపించిరి. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన "మాలపిల్ల"కు తాపీ ధర్మారావుగారు వాడుక భాషలో సంభాషణలు వ్రాసిరి. గురజాడవారు "కన్యాశుల్కము"న సాధించిన దానిని తెరపై సాధించుటకు అది తొలి మెట్టు.

అయినను వాడుక భాష యనగా ఎవరి వాడుక? చాలకాలమువరకు తెరపై వాడుక యనగా కృష్ణా గోదావరి మండలముల శిష్టుల వాడుకయే. తెలంగాణపు పలుకు సేవకుని నోటనో, హాస్యగాని నోటనో మాత్రము వినబడెను. 1979లో గౌతము ఘోషుగారు "మాభూమి" తీసినప్పుడు తెలంగాణపు రైతు తన పలుకును తానే తెరపై పలికెను. ఆ చిత్రమునకు మూలము కిషన్ చందరుగారి ఉర్దూ నవల. దానికి నిర్మాతలలో నొకరైన బి.నర్సింగరావుగారు 1988లో "దాసి" తీసిరి. గడీలో వెట్టి చేయు ఆడుదాని కథ యది. అందు మాటలు మిక్కిలి తక్కువ. మాటలాడు స్వాతంత్ర్యము లేనిదాని కథకు మాటలు తక్కువగుటయే సరియైన సంభాషణ. ఇవి చిన్న చిత్రములు కావు. కాని చిన్న చిత్రము తీయువారికి ఇవి పాఠములు. ఇరుగుననున్న ఈ పలుకే మన వంటింటి పలుకు గనుక మనకు మరింత పాఠములు.

లోకములోని ఉదాహరణములు

1929లో ఇంగ్లండున ఆల్ఫ్రెడు హిచ్‌కాకు "బ్లాక్‌మెయిల్" అను చిత్రమును మూకీగా మొదలుపెట్టి మాటల చిత్రముగా ముగించెను. అందు ఒక యువతి తన్ను చెరుపవచ్చినవానిని కత్తితో పొడిచి, తెల్లవారి తలిదండ్రుల బల్లవద్ద ఏమియు జరుగనట్లు కూర్చుండును. పొరుగింటి ఆడుది హత్యను గూర్చి వదరుచుండును. ఆ మాటలన్నియు క్రమముగా కలగాపులగమై, "కత్తి" అను ఒక్క మాట మాత్రము మాటిమాటికి స్పష్టముగా వినబడును. సంభాషణమనగా వ్రాసిన మాటలన్నియు వినిపించుట కాదు, పాత్ర చెవికి తాకిన మాటను వినిపించుట అని ఆ ఘట్టము చెప్పును.

అదే చిత్రమున వేరొక సంగతి కలదు. నాయిక ఆనీ ఓండ్రా చెకోస్లొవేకియా దేశమునకు చెందినది. ఆమె ఉచ్చారణ ఆంగ్లపు పిల్లకు తగదని, జోన్ బారీ అను మరియొక నటిని కెమెరాకు వెలుపల నిలిపి, ఆమె పలుకుచుండగా ఓండ్రా చేత పెదవులు కదలింపజేసిరి. మన అవ్వకు జరిగినది 1929లోనే ఇంకొకతెకు జరిగినది! పరదేశపు యాసను దాచుటకు అట్లు చేసిరి. మనము మాత్రము ఇంటి యాసను దాచుటకు చేయుచున్నాము.

1956లో ఫ్రాన్సులో ఆల్బర్టు లామొరీసు తీసిన "ఎర్ర బుడగ" 34 నిమిషముల చిత్రము. పారిసు వీధులలో ఒక బాలుని వెంట ఎర్రని బుడగ యొకటి తోడుగా తిరుగును. మాటలు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. అయినను దానికి ఆస్కారు బహుమతి లభించినది ఉత్తమ మూలరచనకు. మాటలు లేనిచో రచన లేదని తలంచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఎక్కడ మాట అక్కరలేదో నిర్ణయించుటయే రచనలో కష్టమైన భాగము.

మన దేశమున ఇంతకన్న గొప్ప ఉదాహరణము సత్యజిత్ రాయ్‌గారి "టూ" (1964). పావుగంటకు మించని ఆ చిత్రమును ఒక అమెరికా సంస్థ కోరగా తీసిరి. ఆంగ్లమున తీయుమని వారడిగిరి. కలకత్తా బాలుని నోట ఆంగ్లము పెట్టుటకన్న మాట లేకుండుటయే మేలని రాయ్‌గారు మాటలను పూర్తిగా విడిచిరి. మేడమీద ధనికుని పిల్లవాడు, క్రింద గుడిసె దగ్గర పేదపిల్లవాడు. క్రిందివాడు పిల్లనగ్రోవి ఊదును. మీదివాడు బొమ్మబూరా ఊది దానిని ముంచివేయును. వాడొకటి చూపగా వీడింకొకటి చూపును. కడకు మీదివాని బొమ్మలు మిగులును, క్రిందివాని పిల్లనగ్రోవి పాట మరల గాలిలో వినబడును. ఖరీదైన చప్పుడు పేద గొంతుకను కొంతసేపు ముంచగలదే గాని మాన్పజాలదు. పరాయి మాటను నోట బెట్టుటకన్న మౌనమే సత్యమను రాయ్‌గారి నిర్ణయము మన పిల్లలు నేర్వదగినది.

చిన్న చిత్రమున ఎవరి పని ఏది?

పై ఉదాహరణములనుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది, చప్పుడు చోటును చెప్పును. తెరపై "ఖటక్ చించోళి" అని వ్రాయనక్కర లేదు. తెల్లవారక మునుపు మసీదునుండి అజాను, గుడి గంట, కన్నడ వచనము పాడు రేడియో, పిండి గిర్ని చప్పుడు, వీనితో పాటు వంటింటిలో రొట్టె తట్టు చప్పుడు వరుసగా వినిపించినచో చూచువానికి చోటు తెలియును. పండ్రెండు నిమిషముల చిత్రమున ఒక నిమిషము దక్కినను అది పెద్ద లాభమే.

రెండవది, మాట సమాచారమును మోయుటకు కాదు, బాంధవ్యమును తెలుపుటకు. "అన్నా, మన నాయన పోయి అయిదేండ్లయినది గదా, అమ్మ ఒంటరిగా నున్నది గదా" అని అన్నతో తమ్ముడు చెప్పు సంభాషణలు మన చిత్రములలో వినుచున్నాము. అన్నకు తెలియని దేది తమ్ముడు చెప్పెను? అది అన్నకు చెప్పినది కాదు, మనకు చెప్పినది. దానికి బదులు "నాయినుంటే ఈ మాట అందువా?" అను ఒక్క ప్రశ్న చాలును. తండ్రి లేడనియు తెలియును, వారి నడుమ కలహమున్నదనియు తెలియును.

మూడవది, మౌనము శూన్యము కాదు. అవ్వ చిత్రమును గూర్చి పైన చెప్పితిమి. ఆ పిల్లలు డబ్బింగునకు ముందు తీసిన అసలు ధ్వనిని సెల్‌ఫోనులోనుండి తీసి మాకు వినిపించిరి. వయొలిను లేదు. కోడి కూసెను. దూరమున బస్సు హారను మ్రోగెను. అవ్వ రొట్టె తట్టుచున్న చప్పుడు తాళము తప్పక వినవచ్చుచుండెను. మనుమడు సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడగానే ఆ తట్టుడు ఆగెను. రెండు మూడు క్షణములు ఏమియు లేదు. అప్పుడు "గింత రొట్టె తిని పోరాదు బిడ్డా" అను మాట. పిమ్మట మరల తట్టుడు, ఈసారి కొంత నెమ్మదిగా. ఆ మూడు క్షణముల మౌనమున ఎంత కథ యున్నదో విని, మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. ఎవరును దానిని వ్రాయలేదు, ఎవరును దర్శకత్వము చేయలేదు. ఉన్నదానిని ఉన్నట్లు వినుటయే అక్కడ చేయవలసిన పని.

నాలుగవది, సంగీతము ఉప్పువంటిది. ప్రతి ఘట్టమునను దుఃఖరాగము వేయుట ప్రేక్షకుని నమ్మకపోవుటయే. అవ్వ గొంతుకపైనను రొట్టె చప్పుడుపైనను నమ్మకమున్నవాడు వయొలినును ఇంటివద్ద విడిచి వచ్చును.

ఒకే బొమ్మ, రెండు చెవులు

ఇక మన విశేష సమస్య. తెలుగున తీసిన చిత్రము మన కన్నడ మిత్రులకు తెలియదు, కొన్నిచోట్ల మన పిల్లలకే పూర్తిగా తెలియదు. కన్నడమున తీసినచో అవ్వ గొంతుక పోవును. దీనికి మార్గము లేదా?

1975 ఆగస్టునుండి 1976 జూలైవరకు మన దేశమున ఉపగ్రహము ద్వారా సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములను పంపిన ప్రయోగమొకటి జరిగెను. ఆంధ్రప్రదేశ, కర్ణాటక గ్రామములును అందున్నవి. ఆ ఉపగ్రహము ఒక బొమ్మను, దానితో పాటు రెండు ధ్వనిమార్గములను పంపగలదు. కావున ఒకే బొమ్మను ఒకచోట తెలుగునను మరియొకచోట కన్నడమునను వినిపించిరి. ఇరుగుపొరుగు భాషలు ఒకే బొమ్మను పంచుకొనగలవని ఆనాడే రుజువైనది. కాని ఆ పద్ధతిలో ఒక చెవికి ఒక భాషయే వినబడును. మనకు రెండును కావలెను.

దీనికి మన తాలూకా చరిత్రలోనే ఒక సూచన కలదు. నిజాము కాలమున కన్నడ విద్యకు ఆదరణ లేని దినములలో భాల్కి హిరేమఠమునకు చెందిన చన్నబసవ పట్టద్దేవరుగారు వెలుపల ఉర్దూ పలక వ్రేలాడదీసి, లోపల పిల్లలకు కన్నడము నేర్పించిరని ఈ సీమలో అందరును చెప్పుకొందురు. వెలుపల అక్షరములు ఒక భాషవి, లోపల గొంతుక మరియొక భాషది. ఆ మహనీయుడు కన్నడమునకు చేసిన దానిని మనము, ఏ దాపరికమును లేకయే, తెలుగునకు చేయవచ్చును. చిత్రమున గొంతుక తెలుగుది ఉండనిండు, అడుగున అక్షరములు కన్నడమున ఉండనిండు. పిల్లవాడు తాను బడిలో నేర్చిన అక్షరములతో చదువుచు, అవ్వ గొంతుకను వినును. పొరుగింటివారును మనతో కూర్చుండి చూతురు. డబ్బింగునకు అగు ఖర్చులో పదవ వంతును కాదు.

గొంతుకను దాచుకొందము

"ఆలం ఆరా" ప్రతి నేడు లోకమున ఎక్కడను దొరకుట లేదు. "కాళిదాసు"ను లేదు, "భక్తప్రహ్లాద"యును లేదు. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడుగా ఎట్లు గర్జించిరో, సురభి కమలాబాయిగారు ఎట్లు పలికిరో ఆ చిత్రములలో వినుభాగ్యము మనకిక లేదు. పత్రికలలో ప్రకటనలున్నవి, పాటల పుస్తకముల పేర్లున్నవి, కొన్ని ఛాయాచిత్రములున్నవి. లేనిది గొంతుక. ధ్వనిని పట్టుకొనుటకై అంత శ్రమపడి, నడిరేయి మేలుకొని, తీసిన చిత్రములలోని ధ్వనియే పోవుట ఎంతటి విధివిలాసము! స్టూడియోలు, కంపెనీలు ఉన్నవారికే అట్లయినప్పుడు, వంటింటిలో మాత్రమే వినబడు మన పలుకు సంగతి చెప్పవలెనా?

కావున మన సంఘములవారికి, ఇండ్లలోని పెద్దలకు, చిత్రములు తీయు పిల్లలకు మా మనవి యిది. బహుమతుల కొరకు తీయు చిత్రములు తీయుడు. వానితో పాటు ఏటికొక్క చిన్న చిత్రమును ఇంటి గొంతుకతో తీయుడు. నటింపజేయునప్పుడు పంకా ఆపుడు, మైకును నోటికి దగ్గరగా నుంచుడు, మాటలు ముగిసిన పిమ్మట ఆ గది యొక్క మౌనమును అరనిమిషము ముద్రించుకొనుడు. ఆ మౌనము కూర్పులో అక్కరకు వచ్చును. ముసలివారిని వ్రాసిన మాటలు వల్లింపుమని బలవంతపెట్టకుడు. సందర్భము చెప్పి, వారి మాటను వారిని పలుకనిండు. కన్నడపు మాట వచ్చినచో రానిండు, మరాఠీ మాట వచ్చినచో రానిండు. దర్వాజను ద్వారమని దిద్దకుడు, జల్దిని త్వరగా యని మార్చకుడు. చిత్రము ముగిసిన పిమ్మట ముద్రించిన ధ్వనిని చెరిపివేయక రెండుచోట్ల దాచుడు.

మా బంధువుల పిల్లలు ఆ చిత్రమును మరల కూర్చుచున్నారు. వయొలినును తీసివేసిరి. అవ్వ మాటను అవ్వకు తిరిగి యిచ్చిరి. అడుగున కన్నడ అక్షరములు పెట్టుటకు కూర్చుండి, "పోరాదు" అను మాటను కన్నడమున ఎట్లు చెప్పవలెనో తోచక, అవ్వనే అడుగబోయిరట. ఆమె పొయ్యి ముందరనుండి లేవకయే, "ముందుగాల కూసుండి తినరాదు, చెప్త" అనెనట.